సరస్సు మసకబారితే కళ్ళకు పరీక్ష

సరస్సు నీళ్ళు మసకబారుతున్నాయని రాసినందుకు మా పెదనాన్నను నీటి సరఫరా కార్యాలయం వారు కంటి ఆసుపత్రికి పంపారు. నీళ్ళను ఎక్కడికీ పంపలేదు. సంగతంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది. కానీ కార్యాలయాల తలకు క్లుప్తంగా చెప్పింది ఎక్కదు గనుక, పూర్తిగా రాస్తున్నాను.

మా పెదనాన్నను ఊళ్ళో అందరూ ముడులాయన అంటారు. కాగితాల మీద ఆయన హోదా ‘నీటి పరిశీలకుడు, మూడో తరగతి’. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన చేస్తున్న పని ఒక్కటే. ఉదయం పది దాటాక పడవలో సరస్సు నడిమధ్యకు వెళ్ళి, అన్నం తినే కంచమంత తెల్ల పళ్ళేన్ని తాడుకు తగిలించి నీళ్ళలోకి దించుతాడు. పళ్ళెం కనుమరుగైన చోట ఆపుతాడు. మళ్ళీ కనబడేదాకా పైకి లాగుతాడు. ఆ రెండు లోతులకూ నడుమనున్న అంకెను రిజిస్టరులో రాస్తాడు. తాడుకు మీటరుకొక ముడి ఉంటుంది. నీళ్ళు ఎంత తేటగా ఉంటే పళ్ళెం అంత ఎక్కువ ముడుల లోతు వరకు కనిపిస్తుంది. మా సరస్సు మామూలు రోజుల్లో తొమ్మిది ముడుల తేట. ఊరంతా తాగేది ఆ నీళ్ళే.

ఇంతేనా పని అనుకునేవారికి ఆ పడవ ఎక్కే అర్హత లేదు. ఎండ నీటి మీద తళుక్కుమని కన్ను మోసపోకుండా ఆయన ఎప్పుడూ పడవ నీడ పడే వైపే కూర్చుంటాడు. పళ్ళెం దించే ముందు, ఎండ మిరుమిట్లు తగ్గి చూపు కుదురుకునేలా కళ్ళు మూసుకుని వంద లెక్కపెడతాడు. తడిస్తే తాడు కుంచించుకుపోతుంది కనుక ఏడాదికోసారి దాన్ని తడిపి, ఇనుప టేపు పక్కన పరిచి, ముడులన్నీ విప్పి మళ్ళీ వేస్తాడు. పళ్ళేనికి ఏటా కొత్త తెల్లరంగు పూస్తాడు. తన ఒక్కడి కన్నునే నమ్ముకోకూడదని, పడవ నడిపే తెడ్డుగాణ్ణి కూడా విడిగా చూడమంటాడు. వాడు తన లెక్క చెప్పేదాకా తన లెక్క బయటపెట్టడు. తెడ్డుగాడు నలభై ఏళ్ళ మనిషి, నోరు ఊరుకోనివాడు. పదమూడేళ్ళుగా ఆయనతో కలిసి రోజూ నీళ్ళలోకి తొంగిచూస్తున్నాడు.

ఇంట్లోనూ ఆయనకు ఇదే ధ్యాస. మా పెద్దమ్మ టీ గ్లాసు అందిస్తే వెలుతురుకు ఎత్తి చూస్తాడు. దుప్పటి ఉతికి ఆరేసి, “చూడండి, ఎంత తెల్లగా వచ్చిందో!” అని ఆమె మురిసిపోతే, “తెలుపే గానీ, పళ్ళెం తెలుపు కాదు” అంటాడు. “ఆ పళ్ళేన్నే కట్టుకోవలసింది మీరు” అని ఆమె ముప్పై ఏళ్ళుగా ఒకే జవాబు చెబుతోంది.

ఉద్యోగంలో చేరిన మూడో ఏట ఒకరోజు జ్వరంతో పడవ ఎక్కలేక, నిన్నటి అంకెనే ఈనాటి గడిలో వేశాడట. ఎవరికీ తెలియలేదు. నాలుగో రోజున తానే వెళ్ళి తప్పు చేశానని రాసిచ్చాడు. కార్యాలయం ఆయన్ను మందలిస్తూ ఒక మెమో ఇచ్చింది. ఇతరులు ప్రశంసా పత్రాలను దాచుకున్నట్టు ఆయన ఆ మెమోను ట్రంకుపెట్టెలో దాచుకున్నాడు. తప్పును తానుగా ఒప్పుకున్నవాణ్ణి కార్యాలయం ఏనాటికీ క్షమించదని ఆయనకు అప్పటికి తెలియదు.

*

ఆ ఏడాది ఎండలు ముదిరాక, కొండలకు అవతల రెండు వందల మైళ్ళ దూరంలో అడవి అంటుకుంది. కార్చిచ్చు మా ఊరి పొలిమేరకు కూడా రాలేదు గానీ, పొగ వచ్చింది. పట్టపగలు సూర్యుడు ఆరబోయే నిప్పుకణంలా కనిపించేవాడు. కిటికీ రెక్కలు, సైకిలు సీట్లు, బల్లలు అన్నిటి మీదా సన్నని బూడిద. దాన్ని తుడవడానికి ఇంటింటా గుడ్డలు అరిగిపోయాయి. సరస్సును తుడిచే గుడ్డ ఎవరి దగ్గరా లేదు.

పొగ రాకముందు రోజున రిజిస్టరులోని అంకె తొమ్మిదింపావు. మూడో రోజుకు అది ఎనిమిదిన్నర. ఎనిమిదో రోజుకు ఏడు. అంకె పక్కనే ‘రిమార్కులు’ అని ఒక గడి ఉంటుంది; ముప్పై ఒక్క ఏళ్ళలో దాన్ని చదివినవారు లేరు. ఆయన మాత్రం ఏ రోజూ దాన్ని ఖాళీగా వదలలేదు. ‘నీటి మీద బూడిద తేలుతోంది. వెలుతురు సగమైంది. అడుగున ఉండవలసిన పచ్చదనం పైకి వచ్చింది. నీటిపురుగులు పగటిపూటే పైన తిరుగుతున్నాయి.’

“ఈ పురుగులకేమైంది పెద్దాయనా? పగలూ రాత్రీ తెలియడం మానేశాయా?” అని తెడ్డుగాడు అడిగాడట.

“వాటికి తెలిసినంత మనకే తెలియలేదురా. ఎండంటే భయంతో పగలంతా లోతున దాక్కునేవి అవి. పొగ గొడుగు పట్టింది, పైకొచ్చాయి. లోతున ఉండే నాచేమో వెలుతురు చాలక పైకి పాకుతోంది. పైనుంచి పడే బూడిద దానికి ఎరువు. ఇంకేం కావాలి?”

“అంటే అడవి అక్కడ తగలబడితే పంట ఇక్కడ పండుతోందన్నమాట.”

“ఊఁ. ఆ పంటే మనం తాగుతున్నాం.”

పొగలో వెలుతురు తగ్గితే పళ్ళెం త్వరగా కనుమరుగవుతుంది గదా, నీళ్ళు పాడైనట్టు ఎలా చెప్పగలం అని తెలివైనవారు అడగవచ్చు. ఆ ప్రశ్నను అందరికన్నా ముందు తనకు తాను వేసుకున్నది ఆయనే. పదకొండో రోజున గాలి మళ్ళి, ఒకటిన్నర రోజుపాటు ఆకాశం నీలంగా, ఎండ చురుక్కుమనేలా కాసింది. అంత వెలుతురులోనూ పళ్ళెం ఆరుంపావు దగ్గరే మాయమైంది. ఆకాశం ముఖం కడుక్కుంది, సరస్సు కడుక్కోలేదు. ఆయన అదీ రాశాడు. పంతొమ్మిదో రోజున అంకె నాలుగున్నరకు దిగింది. అప్పటికే నీటిని వడకట్టే చోట ఇసుక పడకలను రోజుకొకసారికి బదులు మూడుసార్లు కడుగుతున్నారు. కుళాయి నీళ్ళు మట్టివాసన కొడుతున్నాయి.

అప్పుడు పెద్ద ఇంజనీరు రిజిస్టరు తెప్పించుకున్నాడు. నీళ్ళ మీద దిగులుతో మాత్రం కాదు. పొగ వచ్చిన మొదటి వారంలోనే ఆయన ‘పొగ వలన తాగునీటిపై ఎట్టి ప్రభావమూ లేదు’ అని ఊరంతటికీ ప్రకటన ఇచ్చి ఉన్నాడు. ప్రకటన సంతకమై బయటికి వెళ్ళిపోయింది. దాన్ని మార్చడం కష్టం. సరస్సును మార్చడం సులువని ఆయనకు తోచింది.

ఆయన గదిలో గాలిని శుభ్రపరిచే యంత్రాలు రెండు ఉన్నాయి. కిటికీల సందులకు టేపు అంటించి ఉంది.

“ఏమయ్యా, ఏమిటీ రాతలు? పొగ ఉండేది గాల్లో. నీళ్ళలోకి ఎలా వస్తుంది?”

“పడుతుంది సార్.”

“ఏం పడుతుంది?”

“గాల్లో ఉన్నదే సార్. ఎక్కడో ఒకచోట పడాలి కదా.” పెదనాన్న వేలితో బల్ల అంచున గీత గీసి, నల్లబడ్డ వేలికొనను అమాయకంగా చూపించాడు. “ఇక్కడా పడింది సార్.”

ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఆయన చేసిన రాజకీయ ఉపన్యాసం అదొక్కటే. అది ఉపన్యాసమని కూడా ఆయనకు తెలియదు. పెద్ద ఇంజనీరు ఒంటికాలి మీద లేచాడు. “నీ కళ్ళు పొగకు నీళ్ళు కారుతుంటే, సరస్సు మసకబారిందని రాస్తావా? ముందు కళ్ళు చూపించుకో!”

కంటి డాక్టరు గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. పెదనాన్న ఆఖరి వరుస చదివి, దాని కింద చీమల బారులా అచ్చువేసిన ప్రెస్సు చిరునామా కూడా చదివాడు. “ఇది నాకే కనబడదు, మిమ్మల్ని ఎవరు పంపారండీ?” అని డాక్టరు నవ్వి, చూపు దివ్యంగా ఉందని రాసిచ్చాడు. ఆ ధ్రువపత్రం మీద పెద్ద ఇంజనీరు ‘ఈ పరీక్ష పొగలేని గదిలో జరిగినది కనుక పరిగణించనవసరం లేదు’ అని రాశాడు. ఆ వాక్యాన్ని నేను రెండుసార్లు చదివాను. అందులో తప్పు దొరకలేదు. సిగ్గూ దొరకలేదు.

ఆ మర్నాడే అభియోగ పత్రం వచ్చింది. ‘కల్పిత అంకెలు నమోదు చేసి ప్రజలలో భయాందోళనలు కలిగించుటకు కారకుడైనాడు. గతంలోనూ ఇట్టి తప్పు చేసినట్లు స్వయంగా అంగీకరించి యున్నాడు.’ ఇరవై ఎనిమిదేళ్ళ నాటి జ్వరాన్ని వాళ్ళు మరిచిపోలేదు. అభియోగం రుజువైతే ఆ పంతొమ్మిది అంకెలనూ ఎర్ర సిరాతో కొట్టివేస్తారు. ఆయన్ను పడవ నుంచి దింపి, మిగిలిన రెండేళ్ళూ గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెడతారు. కుర్చీ సంగతి ఆయన పట్టించుకోలేదు. “అంకెలు కొట్టేస్తారంటావా అమ్మాయ్?” అని మాత్రం నన్ను మూడుసార్లు అడిగాడు.

*

పదిహేడో తేదీన స్టోరు గుమాస్తా పడవరేవుకు వచ్చాడు. చేతిలో గుడ్డసంచి, లక్క, కొవ్వొత్తి, రసీదు పుస్తకం.

“పళ్ళెం ఇవ్వండి. సాక్ష్యంగా సీలు వెయ్యమన్నారు.”

“తాడు?”

“తాడు పడవ సామాన్ల జాబితాలో ఉంది. నాకు రాసిచ్చింది ‘ఉపకరణం’ అని. పళ్ళెమే ఉపకరణం.”

“మరి రేపు దేంతో కొలవాలి?”

“అది నా సెక్షను కాదండీ.”

గుమాస్తా పళ్ళేన్ని సంచిలో కట్టి, మూతి మీద లక్క కరిగించి పోసి, నాలుగు చోట్ల ముద్ర గుద్ది, రసీదు రాసిచ్చాడు. తెడ్డుగాడు ఆ సంచిని చూసి, “అరెస్టు చేశారు సరే, బెయిలు ఎప్పుడిస్తారు?” అన్నాడు. గుమాస్తా నవ్వలేదు. ముద్రల విషయంలో ఆయన నవ్వే మనిషి కాదు.

ఆ సాయంత్రం మా పెద్దమ్మ వంటగది గడపలో కూర్చుని అసలు ప్రశ్న అడిగింది.

“ఏవండీ, ఎనిమిదని రాస్తే ఏం పోయేది? తొమ్మిది వద్దు, నాలుగూ వద్దు. మధ్యలో ఎనిమిది. వాళ్ళూ ఊరుకునేవాళ్ళు, మీరూ పడవ మీద ఉండేవాళ్ళు.”

“ఎనిమిది దగ్గర పళ్ళెం కనిపించలేదే.”

“మీకు కనిపించలేదు. వాళ్ళకు కనిపిస్తుందంటున్నారుగా, పోనివ్వండి!”

“వాళ్ళు చూడలేదు.”

“అదే నేను చెప్పేదీ. చూడని వాళ్ళతో చూసినవాడికి పోట్లాటెందుకు?”

ఆయన కుళాయి కింద గ్లాసు పట్టి, వెలుతురుకు ఎత్తి, ఆమె చేతికిచ్చాడు. ఆమె చూసింది. వాసన చూసింది. ఆ నీళ్ళు తొట్టిలో పారబోసి, “సరేలెండి, మీరు మారరు” అని లేచి పొయ్యి మీద నీళ్ళు మరగబెట్టింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ‘ఎనిమిది’ మాట మళ్ళీ వినిపించలేదు.

ఉద్యోగి తన తరఫున మాట్లాడడానికి ఒకరిని వెంట తెచ్చుకోవచ్చని నిబంధనల్లో ఉంది. లా చదువు ముగించి ఏడాది తిరగని నన్ను ఆయన ఎంచుకున్నాడు. విచారణాధికారి పై కార్యాలయం నుంచి వచ్చాడు. ఆయనకు తోడు ఇద్దరు సభ్యులు. సరస్సును తామే స్వయంగా తనిఖీ చేస్తామని వారు నిర్ణయించారు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ కార్యాలయం నుంచి సరస్సు మీదికి వెళ్ళిన పెద్దలు వారే మొదటివారు. విచారణ దస్త్రంలో ఈ గౌరవాన్ని ప్రత్యేకంగా నమోదు చేశారు.

ఇరవై ఎనిమిదో తేదీ ఉదయం ముగ్గురూ పడవ ఎక్కారు. ముఖానికి మాస్కు, కళ్ళకు నల్లద్దాలు, గడ్డం దాకా బిగించిన తేలుడు జాకెట్లు. ఆ జాకెట్టుతో మెడ వంగదు. మెడ వంగని వారు నీళ్ళలోకి చూడడం ఎలాగన్నది ఎవరికీ తోచలేదు. పడవలో నాకు చోటు లేదన్నారు; నేను గట్టునే ఉండిపోయాను. ఆ పైన జరిగింది తెడ్డుగాడు, పెదనాన్న విడివిడిగా చెప్పగా విన్నాను. ఇద్దరి లెక్కా ఎప్పటిలాగే కలిసింది.

నడిమధ్యకు వెళ్ళాక పెదనాన్న తాడు చుట్ట చేతిలోకి తీసుకున్నాడు. తాడు చివర బరువు కోసం కట్టిన ఇనుప గుండు మాత్రమే ఉంది. దాని పైన ఉండవలసిన పళ్ళెం బీరువాలో, సంచిలో, నాలుగు ముద్రల కింద ఉంది.

“అయ్యా, పళ్ళెం…”

“నువ్వు మాట్లాడకూడదు,” అన్నాడు విచారణాధికారి. “అభియోగం ఉన్న ఉద్యోగి తనిఖీ సమయంలో నోరు విప్పకూడదు. దించు.”

“అది కాదండీ, ఆ పళ్ళెం…”

“చెప్పేది నీక్కాదూ? దించమన్నానా!”

ఆయన దించాడు. నల్లటి గుండు బుడుంగున మునిగింది. మొదటి ముడి, రెండో ముడి. విచారణాధికారి పడవ అంచును రెండు చేతులా పట్టుకుని, నల్లద్దాల్లోంచి నీళ్ళ వైపు కాస్త వాలాడు. ఆయన జీవితంలో ఆ తెల్ల పళ్ళేన్ని ఎన్నడూ చూడలేదు. కనుక అది లేదని తెలుసుకునే వీలూ ఆయనకు లేదు.

“ఊఁ, కనిపిస్తోంది” అన్నాడు.

“స్పష్టంగా సార్” అన్నాడు మొదటి సభ్యుడు.

“ధగధగలాడుతోంది సార్” అన్నాడు రెండోవాడు. పై అధికారికి కనిపించేది తనకు కనిపించకపోతే తననూ కంటి ఆసుపత్రికి పంపుతారన్న భయం అతనికి ఉండి ఉండవచ్చు. అందులో అతని తప్పేమీ లేదు. ఆ కార్యాలయం వైద్యం అదే.

నాలుగు. ఐదు. ఏడు. “ఇంకా కనిపిస్తోందా అండీ?” అని తెడ్డుగాడు బుద్ధిమంతుడిలా అడిగాడు. “కనిపిస్తోందయ్యా, దించనీ!” తొమ్మిది ముడులు దిగాక పడవ కాస్త ఒరిగింది. విచారణాధికారి చటుక్కున వెనక్కి వాలి కూర్చున్నాడు. “ఇదిగో, ఇక్కడ మాయమైంది. ఎంత?”

“తొమ్మిదింపావు,” అన్నాడు పెదనాన్న. తాడు ఎంత దిగిందో అంతే చెప్పాడు. అది అబద్ధం కాదు.

తిరిగి వస్తున్నంతసేపూ తెడ్డుగాడు తువ్వాలు నోట్లో కుక్కుకుని తెడ్డు వేశాడు. పొగకు దగ్గు వస్తోందనుకున్నారు.

*

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పగానే పెద్దమ్మ గోడకు చేరగిలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నేను మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

“పెదనాన్నా, దీని గురించి ఎక్కడా నోరు విప్పకు. వాళ్ళు నివేదిక మీద సంతకాలు పెట్టేదాకా ఆగు. ఆ తర్వాత నేను చూసుకుంటాను.”

“తప్పు కదమ్మా? పళ్ళెం లేదన్న సంగతి వాళ్ళకు తెలియదు.”

“తెలుసుకోవలసింది వాళ్ళే కదా! నువ్వు రెండుసార్లు చెప్పబోతే నోరు మూయించారు.”

“నోటితో వద్దన్నారు. రాయొద్దనలేదుగా.”

నేను చాలాసేపు వాదించాను. చదివిన చదువంతా వాడాను. ఆయన కాగితం తీసుకుని, రిమార్కుల గడిలో రాసినంత పొందికగా నాలుగు వరుసలు రాశాడు. ‘నిన్నటి తనిఖీలో తాడుకు పళ్ళెం లేదు. పళ్ళెం పదిహేడో తేదీ నుండి స్టోరులో సీలులో ఉన్నది. కావున తొమ్మిదింపావు అన్నది తాడు పొడవే గాని నీటి తేట కాదు. తమరు మరల చూడవలసినదిగా కోరుతాను.’ ఇరవై తొమ్మిదో తేదీన కార్యాలయంలో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుని వచ్చాడు. చేతికందిన కేసు జారిపోయిందని నేను ఆ రాత్రి భోజనం కూడా సరిగ్గా చేయలేదు.

నేను పొరబడ్డాను. చూడని పళ్ళేన్ని చూసినవారు, వచ్చిన లేఖను చదువుతారని ఎందుకనుకున్నానో నాకే తెలియదు. మరుసటి నెల పదో తేదీన నివేదిక వచ్చింది. ‘ముగ్గురు సభ్యులును స్వయముగా పరిశీలించి, తెల్ల పళ్ళెము తొమ్మిదింపావు ముడుల వరకు స్పష్టముగా గోచరించుచున్నదని నిర్ధారించినారు.’ కింద మూడు సంతకాలు.

తుది విచారణ రోజున పొడుగాటి బల్లకు అటు వాళ్ళు ముగ్గురూ, పక్కన పెద్ద ఇంజనీరు. ఇటు పెదనాన్న, నేను. ఆయన చేతులు రెండూ తొడల మీద పెట్టుకుని, బల్ల మీదున్న రిజిస్టరునే చూస్తున్నాడు. పక్కన ఎర్ర సిరా బుడ్డి సిద్ధంగా ఉంది. అంత తొందర వారిది.

“ఇరవై ఎనిమిదిన తాము పళ్ళేన్ని చూశారా?” అని విచారణాధికారిని అడిగాను.

“రాశాం కదమ్మా.”

“ఏ రంగు?”

“తెల్లది. పాలలా ఉంది.”

“మీరండీ?”

“మెరుస్తూ ఉంది” అన్నాడు రెండో సభ్యుడు, ముందరి మాట నిలబెట్టుకుంటూ.

నేను రసీదును బల్ల మీద పెట్టి, స్టోరు గుమాస్తాను పిలిపించమన్నాను. గుమాస్తా సంచిని రెండు చేతులతో మోసుకొచ్చాడు. లక్క ముద్రలు నాలుగూ చెక్కు చెదరలేదు.

పెద్ద ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. “మధ్యలో తీసి ఉంటారు. తీసి, మళ్ళీ సీలు వేసి ఉంటారు.”

అంతవరకు ఎవరి పక్షమూ కాని గుమాస్తా ముఖం ఎర్రబడింది. “నా సీలా సార్? ఇరవై రెండేళ్ళ సర్వీసులో నా సీలు ఊడిందన్న మాట లేదు. పదిహేడు నుంచి బీరువా తాళం నా మొలతాడుకే ఉంది!”

“అయితే ఇంకో పళ్ళెం వాడి ఉంటారు.”

“స్టోరులో ఉన్నది ఒక్కటే సార్. రెండోది కావాలని పదకొండేళ్ళ కిందట ఇండెంటు పెట్టారు. తమరి పరిశీలనలోనే ఉంది.”

 రెండో సభ్యుడు తన నల్లద్దాలను మెల్లగా జేబులోకి తోసేశాడు. అప్పుడు నేను ఇరవై తొమ్మిదో తేదీ ముద్ర ఉన్న నకలును వారి ముందుకు జరిపాను. విచారణాధికారి చదివాడు. 

“ఈ లేఖ నా దృష్టికి రాలేదు” అన్నాడు.

ఎదుట ఉన్న లేఖ ఆ దృష్టికి రాలేదు. బీరువాలో ఉన్న పళ్ళెం వచ్చింది. ఊరి నీళ్ళ మంచిచెడ్డలు తేల్చే చూపు అది.

పెదనాన్న అప్పుడు మాత్రం నోరు విప్పాడు. “అయ్యా, మీరు మళ్ళీ ఒకసారి రండి. పళ్ళెం కడతాను. అద్దాలు తీసి, వంద లెక్కపెట్టి చూద్దురుగాని. నేను రాసింది తప్పయితే నేనే కొట్టేస్తాను.” అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే పిలిచాడు. ఎవరూ వెళ్ళలేదు.

వారం తర్వాత ఉత్తర్వు వచ్చింది. ‘సాక్ష్యములు పరస్పరము పొసగనందున అభియోగము విరమించడమైనది.’ పొసగనిది ఏదో, ఎవరి వల్లనో అందులో లేదు. పంతొమ్మిది అంకెలు ఉన్నచోటే ఉన్నాయి. ఎర్ర సిరా బుడ్డి మూత పడింది. కానీ ఇరవై ఎనిమిదో తేదీ గడిలో పెద్ద ఇంజనీరు తన చేత్తో వేసిన తొమ్మిదింపావు కూడా అలాగే ఉంది. మూడు సంతకాలున్న అంకెను కొట్టివేసే అధికారం ఎవరికీ లేదట. కాబట్టి ఆ రిజిస్టరు ప్రకారం మా సరస్సు పంతొమ్మిది రోజులపాటు మసకబారుతూ వచ్చి, పెద్దలు విచ్చేసిన ఒక్కరోజు మాత్రం మర్యాద కోసం తేటపడింది.

పళ్ళెం తిరిగి వచ్చిన ఉదయం నేనూ పడవ ఎక్కాను. అడవి మంట ఎప్పుడో చల్లారింది. ఆకాశంలో పొగ జాడ లేదు. పొగతోనే బెడద పోయిందని ఊరంతా అనుకుంటున్నారు. పెద్ద ఇంజనీరు ప్రకటన మీద ప్రకటన ఇచ్చాడు. సంచి విప్పేటప్పుడు లక్క బొట్టొకటి పళ్ళెం అంచున అంటుకుపోయి కనిపించింది. పెదనాన్న దాన్ని బొటనవేలి గోటితో గీకి, తడిగుడ్డతో తుడిచి, ఎండకు పెట్టి చూసి మళ్ళీ తుడిచాడు. పడవ నీడ వైపు జరిగి కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. వంద దాకా లెక్కపెట్టాడు.

పళ్ళెం దిగింది. తెల్లగా, తర్వాత పచ్చగా, తర్వాత ఉందో లేదో తెలియనట్టుగా. పోయింది. పైకి లాగాడు. వచ్చింది.

“నువ్వు చెప్పరా ముందు.”

“నాలుగూ పావు” అన్నాడు తెడ్డుగాడు.

“నాకూ అంతే.”

ఆ అంకె వేశాక ఆయన రిజిస్టరును వెనక్కి తిప్పి ఇరవై ఎనిమిదో తేదీ దగ్గర ఆగాడు. తొమ్మిదింపావు జోలికి పోలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎవరూ చదవని రిమార్కుల గడి దాని పక్కనే ఖాళీగా ఉంది. కలం తీసి గుండ్రని అక్షరాలతో రాశాడు: ‘ఈ రోజున పళ్ళెం బీరువాలో ఉన్నది.’

కింద ఆనాటి తేదీ వేసి, సంతకం పెట్టి, సిరా ఆరేదాకా గాలికి పట్టుకున్నాడు.